యుద్ధఖైదీలు తప్పించుకున్న కథలు ఎలా చదవాలి

సైనికులు పట్టుబడి తప్పించుకున్న కథలు చదివేవాళ్ళలో చాలామంది సొరంగం దగ్గరే ఆగిపోతారు, ఎంత లోతు తవ్వారు, మట్టి ఎక్కడ దాచారు, కాపలావాళ్ళ కళ్ళు ఎలా కప్పారు ఇవే. బాగుంటాయి, కాదనను. కానీ నన్నడిగితే అసలు కథ కంచె దాటాకే మొదలవుద్ది, అందుకే ఏది చదువుతున్నా ముందు ఒక మ్యాప్ తెరిచి పెట్టుకోండి. క్యాంప్ ఎక్కడుంది, దగ్గర్లో యుద్ధంలో లేని దేశం ఏది, మధ్యలో జనం ఏ భాష మాట్లాడతారు, ఈ మూడూ చూసుకున్నాకే చదవడం మొదలుపెట్టండి.

1971 యుద్ధంలో పట్టుబడ్డ మన ఎయిర్ ఫోర్స్ పైలట్లనే తీసుకోండి, పారుల్కర్, గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ. 1972 ఆగస్టులో రావల్పిండి క్యాంప్ గోడకి కన్నం పెట్టి బయటపడ్డారు. తూర్పున మన బోర్డర్ ఉంది కదా అటే వెళ్తారనుకుంటాం, వీళ్ళు పడమటికి, అఫ్గానిస్తాన్ వైపు వెళ్ళారు. బస్సులో పెషావర్ చేరి అక్కణ్ణించి లండీ కోటల్ దాకా వెళ్ళిపోయారు కూడా, బోర్డర్ ఇంక కొన్ని మైళ్ళే. అక్కడ లండీ ఖానాకి ఎలా వెళ్ళాలి అని అడిగారు, ఎందుకంటే వాళ్ళ దగ్గరున్న అట్లాస్‌లో రైలు లైన్ అక్కడిదాకా ఉంది. కానీ ఆ స్టేషన్‌ని 1932లోనే మూసేశారు. నలభై ఏళ్ళుగా రైలే రాని స్టేషన్‌కి దారి అడిగితే ఎవడికైనా అనుమానం వస్తది, వచ్చింది, దొరికిపోయారు. గోడా కాపలా అన్నీ దాటినవాళ్ళని ఒక పాత మ్యాప్ పట్టించింది.

అందుకే చదివేటప్పుడు ప్రతిచోటా ఈ ప్రశ్నలు వేసుకోండి: ఇతని ఒంటిమీద బట్టలేంటి, జేబులో కాగితాలేంటి, రైల్లో ఎవడైనా "ఏ ఊరు నీది" అంటే ఏం చెప్తాడు. ఇవి పట్టుకుని ఒకే క్యాంప్ నుంచి జరిగిన రెండు ప్రయత్నాలు పక్కపక్కన పెట్టి చూడండి, అప్పటి జర్మనీలోని సాగన్ దగ్గర, పట్టుబడ్డ శత్రు విమాన సైనికుల కోసం జర్మన్లు పెట్టిన స్టాలాగ్ లుఫ్ట్ 3, ఇప్పుడా చోటు పోలండ్‌లో ఉంది. 1943 అక్టోబర్‌లో ముగ్గురు, వ్యాయామానికి గెంతే చెక్క గుర్రం కింద నుంచి తవ్వుకుని బయటపడ్డారు, ఒకడు నార్వే నుంచొచ్చిన మార్గరీన్ (వెన్న బదులు వాడేది) సేల్స్‌మన్‌ని అన్నాడు, మిగతా ఇద్దరు ఫ్రెంచ్ కూలీలమన్నారు. అప్పట్లో జర్మనీ నిండా పరాయి దేశాల కూలీలే, కాబట్టి జర్మన్ సరిగ్గా రాకపోయినా ఎవరూ పట్టించుకోరు. ముగ్గురూ యుద్ధంలో లేని స్వీడన్ చేరారు. మరుసటి మార్చిలో అదే క్యాంప్ నుంచి పెద్ద సొరంగంలో 76 మంది బయటికొచ్చారు, 73 మంది దొరికిపోయారు. గమ్యం చేరిన ముగ్గురిలో ఇద్దరు నార్వేవాళ్ళు, ఒకడు డచ్‌వాడు. వేలమంది బ్రిటిష్‌వాళ్ళు ఉన్న క్యాంప్ అది, అయినా గెలిచినోళ్ళు ఎవరో చూడండి, పరాయి కూలీల్లో కలిసిపోగలిగినవాళ్ళు.

ఆ 73 మందిలో 50 మందిని కాల్చి చంపారు. ఇక్కడ చట్టం తెలిసుండాలి, లేకపోతే తప్పించుకుంటే శిక్ష అంతేగా అనుకుని ముందుకెళ్ళిపోతారు. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం తప్పించుకోబోయి దొరికిన ఖైదీకి క్రమశిక్షణ చర్య మాత్రమే, గరిష్ఠంగా 30 రోజుల నిర్బంధం, 1949 ఒప్పందంలోనూ అంతే. అంటే అక్కడ జరిగింది శిక్ష కాదు, హత్య. జపాన్ క్యాంపుల కథలు చదివేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి, 1929 ఒప్పందం మీద జపాన్ సంతకం పెట్టింది గానీ ఆమోదించలేదు, పైగా ఆసియాలో తెల్ల ఖైదీ బయటపడినా ముఖం చూడగానే తెలిసిపోద్ది.

ముఖం తేడా ఉన్నా గట్టెక్కినవాళ్ళూ ఉన్నారు, వీళ్ళ గురించి మనవాళ్ళకే తెలీదు అదీ బాధ. ఫ్రాన్స్‌లో జర్మన్లు నడిపిన ఎపినాల్ క్యాంప్ మీద 1944 మేలో అమెరికా బాంబులు పడి గోడలు కూలాయి, లోపలున్న భారతీయ సైనికులు దొరికిన దారిన పోయారు, ఫ్రెంచ్ పల్లెల వాళ్ళు తిండి పెట్టి దారి చూపిస్తే దాదాపు 500 మంది స్విట్జర్లాండ్ చేరారు. సొరంగం లేదు, దొంగ కాగితాలు లేవు, ఊరి జనం ఉన్నారు. ఏ కథలో అయినా తలుపు తీసిన మనిషి ఎవరో వెతకండి, ఖైదీని దాచినట్టు తెలిస్తే ప్రాణం పోయేది వాళ్ళది కూడా.

పట్టుబడ్డ ఘట్టం మాత్రం నెమ్మదిగా చదవండి, లొంగిపోయానన్న సిగ్గుతో చాలామంది దాన్ని రెండు లైన్లలో దాటేస్తారు. తిరిగొచ్చిన వెంటనే ఆఫీసర్లకిచ్చిన రిపోర్టులో తారీఖులూ దారులూ నమ్మొచ్చు, భయం గురించి పెద్దగా ఉండదు. ముప్పై ఏళ్ళకి రాసుకున్న జ్ఞాపకాల్లో భయం ఉంటది, తారీఖులు తప్పుతాయి. రెండూ దొరికితే రెండూ చదవండి.

మీ ఇంట్లోనే మొదటి ప్రపంచ యుద్ధంలో ఖైదీ అయిన ముత్తాత ఉన్నాడని చెప్పుకుంటుంటే, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ అప్పటి ఖైదీల కార్డులు ఆన్‌లైన్‌లో పెట్టింది, వెళ్ళి వెతకండి. పేరు స్పెల్లింగ్ రాసినవాడు ఎలా విన్నాడో అలా రాసుంటాడు, కాబట్టి నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి, రెజిమెంట్ పేరు తెలిస్తే పని ఇంకా తేలిక.