కాంతి, పదార్థం, తరంగం – 5వ పాఠం: ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యాన్ని లెక్కకట్టడం

గత పాఠంలో ఎర్ర లేజరు కాంతిని సీడీ మీద పడనిచ్చి, గోడమీద మధ్య చుక్కకూ పక్క చుక్కకూ ఉన్న ఎడాన్ని స్కేలుతో కొలిచి కోణం కనుక్కున్నాం. సీడీలో గాడికీ గాడికీ ఉన్న దూరాన్ని, అంటే 1.6 మైక్రోమీటర్లను, ఆ కోణపు సైన్ విలువతో గుణిస్తే తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్ల దరిదాపుల్లో వచ్చింది. ఈసారి అదే సూత్రాన్ని ఎలక్ట్రాన్లకు వాడతాం.

ప్లాంక్ స్థిరాంకాన్ని (క్వాంటం భౌతికశాస్త్రంలోని ఒక మౌలిక సంఖ్య) కణపు ద్రవ్యవేగంతో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదానితో, భాగిస్తే ఆ కణపు తరంగదైర్ఘ్యం వస్తుందని 1924లో లూయీ డీ బ్రోయ్ ప్రతిపాదించాడు. నిశ్చలస్థితి నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్‌ను కొన్ని వోల్టుల పొటెన్షియల్ భేదం గుండా పరుగెత్తించినప్పుడు, స్థిరాంకాలన్నీ ప్రతిక్షేపించాక మిగిలే లెక్క చాలా చిన్నది: 1.227ను వోల్టుల వర్గమూలంతో భాగిస్తే జవాబు నానోమీటర్లలో వస్తుంది. 54 వోల్టులకు వర్గమూలం 7.35, తరంగదైర్ఘ్యం 0.167 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ శక్తిని తీసుకుని ఫోటాన్ (కాంతి కణం) తరంగదైర్ఘ్యపు సూత్రంలో పెట్టడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. ద్రవ్యరాశి ఉన్న కణానికి ఆ సూత్రం చెల్లదు.

మరి ఈ తరంగానికి సీడీ పనికొస్తుందా? సైన్ విలువ సుమారు 0.0001 అవుతుంది, మీటరు దూరంలో పక్క చుక్క జరిగేది మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. గాడుల ఎడం తరంగదైర్ఘ్యంతో పోల్చదగినదిగా ఉండాలి కాబట్టి, పరమాణువులే వరుసలు తీరిన స్ఫటికం కావాలి.

అది న్యూయార్క్‌లో ఒక ప్రమాదం వల్ల చేతికందింది. 1925లో భౌతికశాస్త్రవేత్తలు డేవిసన్, జెర్మర్‌ల ప్రయోగశాలలో ద్రవరూప గాలి ఉన్న సీసా పేలి, ఎలక్ట్రాన్ గొట్టం పగిలి, అందులో ఎలక్ట్రాన్లు తగలడానికి పెట్టిన వేడి నికెల్ ముక్కకు గాలి తగిలి ఆక్సైడ్ పొర పట్టింది. దాన్ని వదలగొట్టడానికి చాలాసేపు కాచేసరికి, చిన్నచిన్న స్ఫటికాల ముద్దగా ఉన్న లోహంలో పెద్ద స్ఫటికాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత వారు ఒంటి స్ఫటికాన్నే ఎంచుకుని, 54 వోల్టుల ఎలక్ట్రాన్లు 50 డిగ్రీల దగ్గర ప్రస్ఫుటంగా గుమిగూడుతున్నట్టు 1927లో ప్రకటించారు. నికెల్ ఉపరితలంలో పరమాణు వరుసల ఎడం 0.215 నానోమీటర్లు, 50 డిగ్రీల సైన్ 0.766, గుణిస్తే 0.165. పైన వోల్టుల నుంచి వచ్చిన 0.167తో పోల్చి చూడండి.

వచ్చే పాఠానికి ముందు 150 వోల్టులకు తరంగదైర్ఘ్యాన్నీ, ఇదే స్ఫటికం మీద కోణాన్నీ కట్టి ఉంచుకోండి. కోణం 28 డిగ్రీలకు దగ్గరగా రావాలి, తరంగదైర్ఘ్యమే 0.008 అని వస్తే వర్గమూలం వేయడం మరచిపోయారన్నమాట.