పాపను జేజి దగ్గర వదిలి పదకొండు రోజులు విదేశానికి: ముందుగా చేసుకోవలసిన పనులు

పిల్ల నిద్రపోతున్నప్పుడు వెళ్ళిపోతే ఏడుపు గొడవ ఉండదని మాకు సలహా ఇచ్చినవాళ్ళు పదిమందికి తక్కువ లేరు. మేమూ నమ్మాం. మ్యూనిక్ ప్రయాణానికి రెండు నెలల ముందు, అలవాటు చేద్దామని పాపను ప్రొద్దుటూరులో మా అత్తమ్మ (పాపకు జేజి, అంటే నానమ్మ) దగ్గర ఒక రాత్రి ఉంచాం. తను నిద్రపోయాక చెప్పులు చేత్తో పట్టుకుని, గేటు చప్పుడు కాకుండా బయటపడి కడపకు వచ్చేశాం. తెల్లవారి పాప ఏడవలేదట. మంచం కింద చూసిందట, బీరువా వెనక చూసిందట, స్నానాల గది తలుపు తోసి చూసిందట. ఆ తర్వాత మూడు వారాలు నేను వంటింట్లోకి వెళ్ళినా కొంగు పట్టుకుని వెంట వచ్చేది. రాత్రి నిద్రలోనే చేయి చాపి, పక్కన ఉన్నానా లేదా అని తడిమేది.

అందుకే మొదటి పని, చెప్పి వెళ్ళడం. ఏడిస్తే ఏడవనివ్వండి.

ఎప్పుడు చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. మా పాపకు మూడున్నరేళ్ళు. నెల ముందు చెబితే నెలంతా రోజుకు నాలుగుసార్లు ‘ఈరోజేనా?’ అని అడిగేది. అందుకని వారం ముందు చెప్పాం. ‘పదకొండు రోజులు’ అనే మాట ఆ వయసులో లెక్కకు అందదు. మా ఇంట్లో చెనిక్కాయలకు (వేరుశనగ కాయలకు) కొదవ లేదు కనుక గాజు సీసాలో పదకొండు కాయలు వేసి పెట్టాం. రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక ఒక కాయ ఒలుచుకుని తినాలి, సీసా ఖాళీ అయిన రోజున అమ్మానాన్న వస్తారు. విమానం ఆలస్యమైతే మాట పోతుందని అత్తమ్మ దగ్గర రహస్యంగా ఇంకో రెండు కాయలు ఉంచాం. విమానం ఆలస్యం కాలేదు గానీ, నాలుగో రోజు పాప ఆ రోజు కాయ కాక ఇంకో మూడు ఒకేసారి తినేసింది. త్వరగా రప్పించాలని దాని ఎత్తు! అత్తమ్మ ఆ రాత్రే ఆ రెండూ, వంటింట్లోంచి ఇంకొకటీ తెచ్చి లెక్క సరిచేశారు.

పిల్లను పెద్దవాళ్ళ ఇంటికి పంపడం కంటే పెద్దవాళ్ళే మీ ఇంటికి రావడం మేలు. తన మంచం, తన గ్లాసు, తన బడి అన్నీ ఉన్నచోటే ఉంటాయి. మామగారికి దుకాణం వదిలే వీలు లేక అత్తమ్మ ఒక్కరే కడపకు వచ్చారు, మేము బయలుదేరడానికి నాలుగు రోజుల ముందే. ఆ నాలుగు రోజులూ స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగాయి. నేను పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను. అన్నిటికంటే కష్టమైన పని అదే.

మైదుకూరు నుంచి మా అమ్మ కూడా వస్తానంది. వద్దనలేదు, కానీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక మాట తేల్చుకున్నాం. ఈ పదకొండు రోజులు పెత్తనం అత్తమ్మది, అవ్వ (మా అమ్మ) చుట్టపుచూపుగా వచ్చి వెళుతుంది. అమ్మ ముఖం కాస్త ముడుచుకుంది. అయినా జ్వరం వచ్చిన రాత్రి ఆసుపత్రికా, కషాయమా అని ఇద్దరు పెద్దవాళ్ళు వాదించుకునే పరిస్థితి రాకూడదు.

ఇక నోటుపుస్తకం. ఆరు పేజీలు రాసి, ఏదీ వదల్లేదనుకున్నాను. రెండోసారి ఒక పూట వదిలి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. పాప ‘బొజ్జ నొప్పి’ అందట. అత్తమ్మ తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి పొట్ట మీద వేశారు. అరగంట తర్వాత మళ్ళీ ‘బొజ్జ నొప్పి’. మళ్ళీ ఆకు. చివరికి మంచం తడిసింది. మా పాపకు మూత్రం వచ్చినా బొజ్జ నొప్పే! ఆ సంగతి నాకు తెలుసు, కానీ తెలుసన్న సంగతే నాకు తెలియదు. అప్పటి నుంచి పుస్తకాన్ని చేతిలోనే ఉంచుకుని, వారం రోజులు పాప అన్న ప్రతి వింత మాటనూ, నేను ఆలోచించకుండా చేసే ప్రతి పనినీ ఎప్పటికప్పుడు రాశాను. సంగటి ముద్దలో నెయ్యి పైకి కనబడాలి, కలిపేస్తే తినదు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూయాలి. నిద్రపోయేముందు రెండు కాళ్ళకూ కొబ్బరినూనె రాయాలి, ఒక కాలికే రాస్తే రెండో కాలు ‘అలుగుతుంది’. మీరు పుస్తకం మొదలుపెట్టేటప్పుడు టైంటేబుల్ కంటే ముందు ఇలాంటివి రాయండి. భోజనం వేళలు ఏ జేజికైనా తెలుసు.

మందుల దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మా ఫ్రిజ్ పైన పారాసిటమాల్ సీసాలు రెండు ఉన్నాయి. ఒకదానిలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, రెండోదానిలో అదే 5 మిల్లీలీటర్లకు 250. డబ్బాల రంగు దాదాపు ఒకటే, అక్షరాలు చీమ తలంత. కళ్ళజోడు లేకుండా అర్ధరాత్రి పోస్తే మందు రెట్టింపయ్యే ప్రమాదం ఉంది. పాతది పారేసి ఒక్క సీసానే ఉంచాం. పిల్లల డాక్టరు దగ్గరికి అత్తమ్మనే వెంటబెట్టుకుని వెళ్ళాను. 14 కిలోల బరువుకు 250 సీసాలోంచి 4 మిల్లీలీటర్లు, రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటల ఎడం అని ఆయన కాగితం మీద రాసిచ్చారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి మా అంకె మీకు పనికిరాదు, మీ డాక్టరు చేత రాయించుకోండి. సూది లేని సిరంజి మీద 4 దగ్గర పెన్నుతో గీత గీసి పెట్టాను. ఓఆర్ఎస్ పొడిలోనూ ఇదే తిరకాసు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ఒకే రకం కొని, దానికి సరిపోయే సీసాను పక్కనే పెట్టండి.

కాగితాల సంగతి చప్పున చెప్పేస్తాను. పాపకు వైద్యం చేయించే విషయంలో మా తరఫున నిర్ణయం తీసుకునే అధికారం అత్తమ్మకు ఇస్తున్నామని ఇద్దరం సంతకాలు చేసిన ఉత్తరం, పాప ఆధార్, టీకాల కార్డు, ఆరోగ్య బీమా కార్డు, మా పాస్‌పోర్టుల నకళ్ళు ఒకే ఫైలులో పెట్టాం. బడికి కూడా ఒక ఉత్తరం ఇచ్చి, అత్తమ్మ ఫొటో అంటించి, ఆవిడకు తప్ప ఎవరికీ పిల్లను అప్పగించవద్దని రాశాం. వెళ్ళేది షెంగెన్ దేశాలకైతే, అంటే జర్మనీలా ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలకైతే, వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ చేయించుకోవాలి, ఆ నకలు కూడా ఇంట్లో ఒకటి ఉంచండి. మీ జీవిత బీమాలో నామినీగా పిల్ల పేరు ఉంటే, పిల్ల మైనరు కనుక డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయించారో లేదో చూసుకోండి. వీలునామా రాస్తే ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అపశకునమని మా ఆయన రెండు రోజులు తప్పించుకు తిరిగారు. మూడో రోజు రాశారు. వేర్వేరు విమానాల్లో వెళ్ళమన్న సలహా మాత్రం నేను పట్టించుకోలేదు. కడప నుంచి బెంగళూరుకు కారులో కలిసే కదా వెళ్ళేది.

మేము దెబ్బతిన్నది ఫోను దగ్గర. బ్యాంకు ఓటీపీల సంగతి గుర్తుంది గానీ గ్యాస్ బండ సంగతి మరిచాం. బండ తెచ్చిన అబ్బాయి కోడ్ చెప్పమన్నాడు. ఆ కోడ్ మా ఆయన ఫోనుకు వెళ్ళింది, ఆయన ఫోను ఆకాశంలో ఉంది. బండ వెనక్కి పోయింది. అత్తమ్మ రెండు రోజులు ఇండక్షన్ పొయ్యి మీద వండారు. మన నంబరుకు మెసేజ్ వస్తే తప్ప కదలని పనులు ఇంట్లో ఎన్ని ఉన్నాయో వెళ్ళే ముందే చూసుకోండి. ఊరు దాటకముందే రోమింగ్ పెట్టించుకోండి. కొంత నగదు కవరులో పెట్టి ఇవ్వండి.

వీడియో కాల్ నిద్రవేళకు ముందు వద్దు, ఆ రాత్రి జేజి పని రెట్టింపవుతుంది. వేసవి కాలమానంలో (అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపే నెలల్లో) మ్యూనిక్ మనకంటే మూడున్నర గంటలు వెనక, అక్టోబరు చివరి ఆదివారం నుంచి నాలుగున్నర. మేము వెళ్ళింది సెప్టెంబరులో. మన సాయంత్రం నాలుగున్నరకు, అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు, రోజూ ఐదు నిమిషాలు మాట్లాడాం. పాప కొన్ని రోజులు తెర వైపు చూడను కూడా లేదు. ‘అమ్మతో మాట్లాడు, మాట్లాడు’ అని బలవంతం చేయవద్దని అత్తమ్మకు ముందే చెప్పి ఉంచాను.

పదకొండు రోజులకే ఇంత హంగామా ఎందుకని మా వీధిలో ఒకావిడ నవ్వింది. ఆవిడ తన ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన మనిషి. రాయచోటి, రాజంపేట వైపు అలాంటి తల్లులు ఊరూరా కనిపిస్తారు. ఆవిడ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. సీసాలో చెనిక్కాయలు వేయమన్నది ఆవిడే.

బయలుదేరే రోజున వీడ్కోలు రెండు నిమిషాల్లో ముగించాలి. ముద్దు పెట్టుకుని, ‘సీసా ఖాళీ అయ్యాక వస్తాం’ అని చెప్పి కారెక్కాం. పాప గట్టిగానే ఏడ్చింది. ఏడురోడ్ల కూడలి దాటకముందే అత్తమ్మ ఫోన్ చేసి, ఊరుకుందని చెప్పారు.

తిరిగి వచ్చిన రోజు పిల్ల పరుగెత్తుకు వచ్చి మెడకు చుట్టుకుంటుందని ఆశపడకండి. మా పాప నన్ను చూసి జేజి వెనక దాక్కుంది. సాయంత్రం దాకా నా చేతి అన్నం తినలేదు. ఆ రోజు చుట్టాలను పిలవకండి, పెట్టెలు తీయకండి, ఊరికే తన పక్కన నేల మీద కూర్చోండి.

మూడో రోజు పొద్దున్నే, పాప లేవకముందే, ఎండ ముదరక ముందు చేరుకోవచ్చని అత్తమ్మను ప్రొద్దుటూరు బస్సెక్కించి వచ్చాం. ఇంటికొచ్చేసరికి పాప లేచి, బీరువా వెనక చూస్తోంది. జేజి ప్రయాణానికి కూడా సీసాలో రెండు కాయలు వేసి పెట్టుకోండి.