విశాఖ మేడ మీద నాటు టమాటా

పప్పులో వేస్తే పులుపు తెలియాలి, పచ్చడికి చింతపండు అక్కర్లేకుండా పోవాలి. నేను నాటు టమాటా వేసేది ఇందుకే. తోలు పలచన, పండితే త్వరగా మెత్తబడుతుంది, అందుకే దూరం నుంచి లారీలో రాదు. రైతుబజారులో పల్లెల నుంచి తెచ్చేవాళ్లను అడగండి, సొంత విత్తనమేనా అని. దొరక్కపోతే పూసా రూబీ, అర్కా వికాస్ వేసుకోవచ్చు. పాత నాటు రకాలు కాకపోయినా గింజ దాచుకుంటే అదే కాయ వస్తుంది. అర్కా రక్షక్ హైబ్రిడ్, దాని గింజలు దాచి లాభం లేదు.

మన ఊళ్లో అసలు టెన్షన్ కాలంతోనే. అక్టోబరంటే తుపాన్లు, హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12నే కదా వచ్చింది! ఏప్రిల్లో రాత్రి కూడా ఉక్కపోతే, పూత నిలవదు. మధ్యలో ఉన్న చలికాలమే మనది. అక్టోబరు మధ్యలో వరండాలో నారు పోసి, నవంబరు మధ్యలో కుండీల్లోకి మార్చండి. జనవరి ఆఖరుకు కాయలు పండడం మొదలవుతుంది.

ఖాళీ పెయింట్ బకెట్ అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సమంగా, గుప్పెడు వేపపిండి కలపండి. కింది ఆకులు తుంచి కాండం సగం దాకా పాతండి, అక్కడా వేళ్లు వస్తాయి. సముద్రపు గాలికి కర్ర కట్టడం తప్పదు. బీచ్ దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచేస్తే కాయ అడుగు నల్లబడుతుంది. ఆకు ముడత వచ్చిన మొక్కను మొహమాటం లేకుండా పీకేయండి. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, మందు లేదు. దోమ కనిపించగానే వేపనూనె కొట్టాలి.

విత్తనం కోసం, అన్నిటికంటే బాగా కాసిన మొక్కకు ఒక కొమ్మ కాయలు కోయకుండా వదలండి. ఇంట్లోవాళ్లు చూస్తే చారులోకి పోతుంది, దారం కట్టి గుర్తు పెట్టుకోండి! పూర్తిగా పండాక గుజ్జు గ్లాసులోకి పిండి, కాసిని నీళ్లు పోసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తెట్టు కడుతుంది, వాసనా వస్తుంది, వంటింట్లో పెట్టకండి. గింజ చుట్టూ ఉన్న జిగురు వదిలిపోవాలి, అది మొలకను ఆపుతుంది. అడుగుకు దిగిన గింజలే కడిగి, స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీదైతే అంటుకుపోతాయి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గలగలమనేదాకా ఆరనిచ్చి, బిగుతు మూత సీసాలో పోసి, రకం పేరు, సంవత్సరం రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగేళ్ల దాకా మొలుస్తాయి.