కాలిఫోర్నియా క్యాంపస్‌లో కార్చిచ్చు పొగ కమ్మితే ఏం చేయాలి?

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాకో, డేవిస్ వైపుకో చదువుకోడానికి వచ్చేవాళ్లకి వీసా గురించి, రూమ్‌మేట్ల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది, పొగ గురించి చెప్పేవాళ్లే తక్కువ. మంట మన ఊళ్లో లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. 2018 నవంబరు 8న ఉత్తర కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు కార్చిచ్చుకి తగలబడితే ఆ పొగ వంద మైళ్లు దాటి బర్క్‌లీ, శాన్ హోసే దాకా వచ్చింది, తర్వాతి వారం అక్కడి క్యాంపస్‌లలో క్లాసులు రద్దయ్యాయి.

ముందుగా, ఆకాశం చూసి అంచనా వేయకండి. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలే ఆకాశం నారింజ రంగుకి తిరిగి చీకటి కమ్మింది, కానీ సముద్రం మీంచి వచ్చిన మంచుపొర పొగను పైనే ఆపేయడంతో ఆ రోజు కింద గాలి మరీ పాడవలేదు. గాలి బాగా చెడింది ఆ తర్వాతి రోజుల్లో. అందుకే అమెరికా ప్రభుత్వ ఎయిర్‌నౌ సైట్‌లో ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ తెరిచి మీకు దగ్గర్లోని సెన్సర్ చూడండి. గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, ఏక్యూఐ, 100 దాటితే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి. 150 దాటితే ఎవరికైనా మంచిది కాదు, బయట క్రికెట్, జాగింగ్ ఆపేయండి. 200 దాటితే అవసరమైతే తప్ప బయటికి వెళ్లొద్దు.

అసలు పని గదిలోనే ఉంది, ఎందుకంటే రోజులో ఎక్కువసేపు ఉండేది అక్కడే. కిటికీలు మూసి, సందుల్లో టేపు వేయండి. ఏసీ ఉంటే బయటి గాలి లాగకుండా లోపలి గాలినే తిప్పే సెట్టింగ్‌లో పెట్టండి. నలుగురు కలిసి ఉంటే నాలుగు గదులూ కాపాడాలని చూడకుండా, ఒక్క గదిలో హెపా ప్యూరిఫయర్ (సన్నటి కణాలను పట్టే గాలి శుద్ధి యంత్రం) పెట్టుకుని అందరూ అక్కడే పడుకోవడం మేలు. ఓజోన్ వదిలే రకం మాత్రం కొనకండి. అంత డబ్బు లేకపోతే ఒక కొత్త బాక్స్ ఫ్యాన్ వెనక 20 అంగుళాల మెర్వ్ 13 ఫిల్టర్ (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత బాగా వడకడుతుందో చెప్పే రేటింగ్) టేపుతో అతికించండి, ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫ్యాన్ వైపు ఉండాలి. దాన్ని ఆన్ చేసి వదిలేసి బయటికి వెళ్లొద్దు. ఇవన్నీ ఆగస్టులోనే కొని పెట్టుకోండి, పొగ వచ్చాక షాపుల్లో దొరకవు.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. పోపు, వేపుళ్లు, అగరుబత్తి, కర్పూరం... వీటి నుంచి కూడా కార్చిచ్చు పొగలో ఉండే పీఎం 2.5 కణాలే (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటివి) వస్తాయి. మామూలు రోజుల్లో కిటికీ తెరిస్తే సరిపోతుంది, ఇప్పుడు తెరవలేం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే బయటి పొగ లోపలికి వస్తుంది. ఆ నాలుగు రోజులు కుక్కర్లో పప్పు, పెరుగన్నంతో గడిపేయండి, దేవుడికి దణ్ణం పెట్టుకుంటే చాలు.

బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్95 పెట్టుకోండి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ పొగని సరిగా ఆపవు. గడ్డం ఉంటే ఎన్95 కూడా ముఖానికి అతుక్కోదు, తీసేయడమే మంచిది.

క్యాంపస్‌లో బయట తిరిగే ఉద్యోగం చేస్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: పీఎం 2.5 ఏక్యూఐ 151కి చేరితే బయట పనిచేసేవాళ్లకి యజమాని ఎన్95 ఇవ్వాలని కాలిఫోర్నియా రూల్ ఉంది. స్టూడెంట్‌నే కదా అని మొహమాటపడకుండా సూపర్‌వైజర్‌ని అడగండి.

ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ స్టాక్ చూసుకోండి, అయిపోవచ్చే దాకా ఆగకుండా హెల్త్ సెంటర్‌కి వెళ్లండి. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇన్సూరెన్స్ బిల్లు టెన్షన్ పక్కన పెట్టి 911కి ఫోన్ చేయండి. క్లాసుకి రాలేకపోతే ప్రొఫెసర్‌కి ఆ రోజే మెయిల్ పెట్టండి.

ఏక్యూఐ 50 లోపుకి దిగగానే కిటికీలన్నీ బార్లా తెరిచి, తడిగుడ్డతో గది తుడిచి, నల్లబడ్డ ఫిల్టర్ మార్చేయండి.