పిల్లలకు రాత్రిపూట పళ్లు తోమడం ఎలా?

"పాలపళ్లే కదా, ఎట్లాగూ ఊడిపోయేవే." అనంతపురంలో మా వీధిలో ఎవరిని కదిలించినా ఇదే మాట. వెనకుండే దవడపళ్లు పదేళ్లు దాటేదాకా నోట్లోనే ఉంటాయి. మా పెద్దోడికి ఐదో ఏట అలాంటి పన్ను పుచ్చింది. చూపించిన చోట "ఊడిపోయేదే, వదిలేయండి" అన్నారు. చివరికి దవడ వాచి పన్ను పీకించాల్సి వచ్చింది. పక్క పన్ను ఆ సందులోకి ఒరిగి, శాశ్వత పన్ను వంకరగా వచ్చింది. అప్పటి నుంచి మా ఇంటి పిల్లలకూ, మా చెల్లెలి పిల్లలకూ నేనే తోముతున్నాను.

కావాల్సినవి మెత్తటి చిన్న బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్. బొగ్గుపొడి, ఇటుకపొడి వద్దు, పంటి పైపొర అరుగుతుంది. పేస్ట్ మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత.

"మన బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది, మళ్లీ పేస్టెందుకు?" అంటారు. పళ్ల మీద మచ్చలు తెచ్చేది కడుపులోకి పోయే ఫ్లోరైడ్. పేస్ట్ పంటి పైన పనిచేస్తుంది. అందుకే కొంచెమే పెట్టి ఉమ్మించాలి. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. తాగే బోరు నీళ్లను పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

రాత్రి ఎనిమిది గంటల లోపే తోమేయండి, ఆ తర్వాత నిద్రమత్తులో పిల్లలు నోరు తెరవరు.

అసలు తంటా తోమేటప్పుడే. సింకు దగ్గర నిలబెట్టి తోమితే అది తోమినట్టు కాదు, లోపల ఏమీ కనపడదు. చాప మీద కూర్చుని, పిల్లోడి తల మీ ఒళ్లో పెట్టుకోండి. ఎడమ చేతి వేలితో పైపెదవి ఎత్తండి. చిగురు పక్కన సుద్దగీతలా తెల్లగా కనిపిస్తే పుచ్చు మొదలవుతోందని అర్థం. ఆ దశలో ఆపొచ్చు. గోధుమరంగుకు తిరిగితే ఆగకుండా డాక్టరుకు చూపించండి.

బ్రష్ సగం పంటి మీద, సగం చిగురు మీద ఆనేలా వంచి, చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. రంపం కోసినట్టు లాగొద్దు. వెనక పళ్ల దగ్గరికి వచ్చేసరికి అందరూ "ఆ... అను" అంటారు. అదే తప్పు. నోరు పూర్తిగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని బ్రష్ దూరదు. సగం మూయించండి, బుగ్గ వదులవుతుంది. కింది పళ్లకు నాలుక వైపు మాత్రం మరిచిపోవద్దు.

ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే చిట్టచివర కొత్త దవడపన్ను మొలుస్తుంది. అది శాశ్వత పన్ను. మిగతావాటికన్నా కిందికి ఉంటుంది కాబట్టి బ్రష్ దాని మీదుగా జారిపోతుంది. బ్రష్‌ను అడ్డంగా తిప్పి దాన్ని విడిగా తోమండి.

వేపపుల్ల మాకూ ఇష్టమే, కానీ చిన్నపిల్లల నోట్లో లోపలి వైపులకు అది అందదు.

తోమాక ఉమ్మించండి, పుక్కిలించొద్దు. పేస్ట్ కాసేపు పంటి మీద ఉండాలి. చెనిక్కాయ పాకం ఉండలు మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టండి, రాత్రి వద్దు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం అన్నిటికన్నా చెడ్డది, నిద్రలో లాలాజలం తగ్గి పాలు పళ్ల మీదే నిలుస్తాయి. ఒక్కసారిగా మానకపోతే రోజూ పాలు తగ్గించి నీళ్లు పెంచుతూ, వారంలో సీసాలో వట్టి నీళ్లే మిగిలేలా చేయండి.