కార్తీకంలో గోదారి మీదికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

– లైఫ్ జాకెట్ రేవులోనే తొడిగి పట్టీలన్నీ బిగించండి. పడవ ఒరిగాక ఒడిలో ఉన్న జాకెట్ తొడగడం కుదరదు.

– ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం కనుక్కోండి. 11.75 అడుగులకు మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద నీటిలోనే. హెచ్చరిక లేకపోయినా నీరు ఎర్రబడి దుంగలు కొట్టుకొస్తుంటే ప్రయాణం మానుకోవడమే నయం.

– కోరంగి మడ అడవికి పోటు వేళ అడిగి బయల్దేరండి. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటలే. ఆటు మొదలైతే పిల్లకాలువల్లో పడవ బురదలో కూరుకుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా దోమలే తోడు.

– మడచెట్ల కింద హవాయి చెప్పులు పనికిరావు. బురదలోంచి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు గుచ్చుకుంటాయి.

– లంకల్లో (నది మధ్య దీవుల్లో) ఒడ్డు అంచున నడవొద్దు. ప్రవాహం అడుగున కోసేస్తుంది, పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో నిలువు లోతవుతుంది. స్నానానికి ఊరివాళ్లు దిగే రేవే మేలు.

– పంటు (బళ్లనీ మనుషుల్నీ రేవు దాటించే పడవ) మీద బైకు దిగి నిలబడండి. చివరి పంటు ఎన్నింటికో ముందే అడగండి.