ఉమ్మడి పరిశోధన ఒప్పందాలు, నాలుగో పాఠం: ప్రచురణ నిబంధన

గత పాఠం చివర విశ్వవిద్యాలయానికి, ఒక పరిశ్రమకు మధ్య జరిగే ఉమ్మడి పరిశోధనకు ఒప్పందం ముసాయిదా రాయమని అడిగాను. పని విభజన, నిధుల విడతలు, పరికరాలు చివరికి ఎవరికి చెందుతాయన్న అంశం చాలామంది చక్కగా రాశారు కాబట్టి వాటిని మళ్లీ తిరగేయనవసరం లేదు. ప్రచురణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కువ ముసాయిదాల్లో దాదాపు ఒకే వాక్యం కనిపించింది: “ప్రాజెక్టు ఫలితాలను ఇరుపక్షాల లిఖితపూర్వక అనుమతితో మాత్రమే ప్రచురించాలి.” ఈ పాఠంలో సమాచార నిర్వహణ గురించి చెబుతానని మాట ఇచ్చాను. ఈ వాక్యాన్ని సరిదిద్దకుండా ముందుకు వెళితే తర్వాత నేర్చుకునేదేదీ అక్కరకు రాదు కాబట్టి సమాచార నిర్వహణను వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

ఈ వాక్యం ఇద్దరినీ సమానంగా చూస్తున్నట్టు ఉంటుంది గాని, అందులో సమానత్వం లేదు. ప్రచురణ ఆగిపోతే పరిశోధక విద్యార్థి పట్టా ఆగుతుంది, అధ్యాపకుడి తర్వాతి ప్రాజెక్టు ఆగుతుంది, ఆ ఫలితంపై ఆధారపడవలసిన ఇతర పరిశోధకుల పని కూడా ఆగుతుంది. అదే ప్రచురణ ఆగినందువల్ల పరిశ్రమకు సాధారణంగా నష్టమేమీ ఉండదు. ఫలితం దాని ఉత్పత్తికి ప్రతికూలంగా ఉన్నప్పుడైతే లాభమే. అనుమతి ఇవ్వనని చెప్పవలసిన శ్రమ కూడా దానికి లేదు, ఉత్తరానికి జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే చాలు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలో బెట్టీ డాంగ్ అనే క్లినికల్ ఫార్మసిస్టు ఒక మందుల కంపెనీ నిధులతో, ఆ కంపెనీ థైరాయిడ్ మందును చౌకగా దొరికే మరి మూడు మందులతో పోల్చి చూశారు. నాలుగూ శరీరంలో ఒకే తీరుగా పనిచేస్తాయని తేలింది. నిధులిచ్చిన బూట్స్ కంపెనీ ఆ అధ్యయనంలో లోపాలున్నాయని వాదించింది. ఆపైన, కంపెనీ లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఫలితాలు ప్రచురించరాదని ఒప్పందంలో ఉన్న వాక్యాన్ని ముందుకు తెచ్చింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక అంగీకరించి, 1995 జనవరి సంచికకు సిద్ధం చేసిన వ్యాసాన్ని పరిశోధకులు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అది చివరికి 1997 ఏప్రిల్‌లో వెలువడింది. మీ ముసాయిదాల్లోని వాక్యం ఆ వాక్యానికి తోబుట్టువు.

పరిశ్రమకు న్యాయమైన అవసరాలు లేవని నేను అనడం లేదు, ఉన్నాయి. తాను ముందే సంపాదించుకుని ప్రాజెక్టు కోసం మనకు చూపించిన గోప్య సమాచారం బయటికి పొక్కకూడదు. ఫలితాల్లో పేటెంటుకు తగిన అంశం ఉంటే దరఖాస్తు వేసేదాకా అది వెల్లడి కాకూడదు. ఈ రెండోది చాలా గట్టి కారణం: యూరప్ పేటెంటు చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందు ఎక్కడ ఎలా బహిరంగంగా వెల్లడైనా కొత్తదనం పోయినట్టే, ఇక పేటెంటు రాదు, సదస్సులో అతికించిన పోస్టరైనా సరే, గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంచిన సిద్ధాంత గ్రంథమైనా సరే. అమెరికాలో ఆవిష్కర్తకు తాను వెల్లడించాక దరఖాస్తు వేయడానికి ఏడాది వెసులుబాటు ఉంది గాని, దాన్ని నమ్ముకుని నిబంధన రాయకండి. ఈ రెండు అవసరాలనూ జాగ్రత్తగా చూస్తే, మొదటిది కొన్ని వాక్యాలు తీసేస్తే తీరుతుంది, రెండోది కొంతకాలం ఆగితే తీరుతుంది. ప్రచురణను పూర్తిగా ఆపే అధికారం రెండింటిలో దేనికీ అక్కర్లేదు.

కాబట్టి నిబంధన ఇలా రాయండి: “ఫలితాలను ప్రచురించే హక్కు విశ్వవిద్యాలయానికి ఉంటుంది. ప్రచురణకు పంపే ముందు రాతప్రతిని భాగస్వామి కార్యాలయానికి అందజేయాలి. అందిన తేదీ నుంచి 30 రోజుల లోపు భాగస్వామి తన గోప్య సమాచారాన్ని తొలగించమని గాని, పేటెంటు దరఖాస్తు కోసం మరో 60 రోజులకు మించకుండా ఆగమని గాని కారణం చూపి లిఖితపూర్వకంగా కోరవచ్చు. ఆ గడువులో జవాబు రాకపోతే అభ్యంతరం లేనట్టే పరిగణించాలి.”

ఇందులో ప్రతి ముక్కకూ ఒక పని ఉంది. రోజుల లెక్క “అందిన తేదీ నుంచి” మొదలు కావాలి. “సమీక్ష మొదలుపెట్టిన తేదీ నుంచి” అని రాస్తే ఆ తేదీ భాగస్వామి చేతిలో ఉంటుంది, అది ఎన్నటికీ రాకపోవచ్చు. రాతప్రతి వెళ్లవలసింది కార్యాలయానికి, ఫలానా మేనేజరుకు కాదు, ఎందుకంటే మనుషులు ఉద్యోగాలు మారతారు. “తన గోప్య సమాచారం” అనడంలో “తన” చాలా ముఖ్యం. ఆ మాట లేకపోతే ఫలితాలనే గోప్యమని ముద్ర వేసి తొలగించమని అడగవచ్చు. అందుకే గోప్య సమాచారం నిర్వచనంలో “ప్రాజెక్టు ఫలితాలు ఇందులోకి రావు” అని ఒక వాక్యం చేర్చడం నాకు అలవాటు. “సహేతుకమైన గడువు” వంటి మాటలు రాయవద్దు, అంకె రాయండి. చివరి వాక్యాన్ని మర్యాద కోసం వదిలేస్తామని కొందరు అన్నారు; దయచేసి వదలవద్దు, మిగతా నిబంధన బలమంతా దాని మీదే నిలబడింది.

సిద్ధాంత గ్రంథం సంగతి విడిగా రాయాలి, మీలో చాలామంది దాన్ని మరిచిపోయారు. పై నిబంధన ప్రకారం ఎక్కువలో ఎక్కువ 90 రోజులు పడుతుంది కాబట్టి, విద్యార్థి జులై 1న గ్రంథం సమర్పించాలంటే ఏప్రిల్ 2 నాటికి దాని రాతప్రతి భాగస్వామికి అంది ఉండాలి. ఆ తేదీని ఒప్పందం అనుబంధంలోని కాలపట్టికలో మొదటి రోజే రాసి ఉంచండి. గ్రంథాన్ని గోప్యత హామీ ఇచ్చిన పరీక్షకులకు చూపడాన్ని ప్రచురణగా లెక్కించరాదని కూడా ఒక వాక్యం చేర్చండి. విద్యార్థి ఈ బేరసారాల్లో కూర్చోడు, కూర్చున్నా నోరు విప్పలేడు. అతని తరఫున ఆలోచించవలసినవారు ఒప్పందం రాసేవారే.

భాగస్వామి పరిశ్రమ కాక ఒక జనసమూహం అయినప్పుడు ఇదే నిబంధనను యథాతథంగా అతికించకూడదు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రాండ్ కేన్యన్ ప్రాంతపు హవసుపాయ్ తెగ వారి నుంచి 1990 ప్రాంతంలో రక్త నమూనాలు సేకరించారు. తమ వారిని పీడిస్తున్న మధుమేహం గురించి తెలుస్తుందని ఆ ప్రజలు రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను తర్వాత స్కిజోఫ్రీనియా, పూర్వుల వలసలు వంటి వేరే అధ్యయనాలకూ వాడారని తెలిసి న్యాయస్థానానికి వెళ్లారు. 2010లో కుదిరిన రాజీలో విశ్వవిద్యాలయం 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది. ఇక్కడ రక్షించవలసింది వ్యాపార రహస్యాన్ని కాదు, ఇచ్చిన సమ్మతి హద్దును. ఏ ప్రశ్న కోసం ఇచ్చారో ఆ ప్రశ్నకు తప్ప మరి దేనికైనా మళ్లీ అడగాలని, అడిగినప్పుడు కాదనే పూర్తి హక్కు వారికి ఉందని రాయాలి. ఫలితాలు పత్రికకు వెళ్లేలోపే వారి భాషలో వారికి వివరించాలని, వివరణతో వారు ఏకీభవించకపోతే ఆ భిన్నాభిప్రాయాన్ని వ్యాసంలోనే చేర్చాలని కూడా రాయండి. పరిశ్రమకు మనం నిరాకరించిన అధికారాన్ని వీరికి ఇస్తున్నామేమని అడిగేవారికి జవాబు ఒకటే: శరీరం వారిది, చరిత్ర వారిది.

అభ్యాసం. మీ పాత ముసాయిదాలోని ప్రచురణ వాక్యాన్ని కొట్టేసి కొత్త నిబంధన రాయండి. నా పాఠం ఎదురుగా పెట్టుకుని కాకుండా, పుస్తకం మూసి రాయండి. తర్వాత దాన్ని మీ పరిశోధనతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి, ఫలితం తమకు నచ్చని కంపెనీ న్యాయవాదిగా చదివి ప్రచురణను ఏడాది పాటు ఆపే దారి వెతకమనండి. వారికి దారి దొరికినంత కాలం నిబంధనను తిరగరాస్తూనే ఉండండి. అది ముగిశాక, అదే ప్రాజెక్టులో భాగస్వామి ఒక గ్రామ మహిళా సంఘం అనుకుని, పునర్వినియోగ సమ్మతి నిబంధనను, అంటే ఇచ్చినదాన్ని మరో ప్రశ్నకు వాడాలంటే మళ్లీ అడగాలన్న నిబంధనను, ఆ సంఘ సభ్యులకు చదివి వినిపిస్తే వివరణ అవసరం లేకుండా అర్థమయ్యే భాషలో రాయండి. రెండోదానికి మొదటిదానికంటే ఎక్కువ సమయం పడుతుంది, ఒక వారం కేటాయించుకోండి.